ఆముదం బండల మీద ఎనిమిది

మొన్న ఆదివారం తాండూరు నుంచి నలుగురైదుగురు పిల్లలు మా ఇంటికి వచ్చారు. కాళ్లకు రబ్బరు చక్రాల బూట్లు, మోకాళ్లకు డిప్పలు, నెత్తిన గట్టి టోపీలు. యుద్ధానికి బయలుదేరినట్టున్నారు. స్కేటింగులో కొత్తగా చేరారట. "తాతా, మీరు చాంపియన్ అంట గదా, కప్పులు చూపెట్టుండ్రి" అన్నది వాళ్లలో ఒక పిల్ల. కప్పులు రెండున్నాయి. ఒకదాంట్లో మా ఆవిడ రుక్మిణి పసుపు కొమ్ములు పోసుకుంది, రెండోదాంట్లో పిన్నీసులు. తెచ్చి చూపించాను. పాపం, పిల్లల మొహాలు చిన్నబోయాయి.

అంత దూరం వచ్చినవాళ్లకు పసుపు కొమ్ములు చూపించి పంపడం బాగోలేదనిపించి, ఆ పని నిజంగా ఎలా ఉండేదో రాసి ఇస్తానని మాటిచ్చాను. మాటిచ్చాక చిక్కొచ్చి పడింది. ఏ పోటీలో ఎన్నో స్థానం వచ్చింది, ఎవరు శాలువా కప్పారు అన్నవి నాకు సరిగ్గా గుర్తులేవు. గుర్తున్నా రాయను. అవి చదివి ఎవరూ ఒక అడుగు కూడా నేర్చుకోలేరు. నాకు బాగా గుర్తున్నది ఒక మాస్టరు, ఒక దొర, ఒక మామ. "మా నాయిన సంగతి గూడ రాస్తవా?" అని రుక్మిణి అడిగింది. రాస్తానన్నాను. "రాస్తే మంచిగ రాయి" అని లోపలికి వెళ్లిపోయింది. ఇప్పుడు తలుపు చాటున నిలబడి వింటోందని నాకు తెలుసు. నేను రాస్తూ పైకి చదువుతానులెండి, అదో అలవాటు.

గిర్రల బూట్లు

మా కాలంలో ఈ పనికి వికారాబాదులో పేరు లేదు. మా వైపు చక్రాన్ని గిర్ర అంటారు. అందుకని నేను గిర్రల బూట్ల అనంతయ్యనయ్యాను. పోటీలకు పోయినప్పుడు మాత్రం ఫిగర్ స్కేటర్ అని పిలిచేవారు. దొరల దేశాల్లో దీన్ని మంచు మీద ఆడతారట. మనకు మంచెక్కడిది? మనకున్నవి బండలు. కాలికి నాలుగేసి కొయ్య చక్రాలున్న ఇనుప పట్టీలు బిగించుకుని, నున్నటి బండల మీద ఆడేవాళ్లం. పోటీలో రెండు భాగాలు. మొదటిది ఫిగర్లు. నేల మీద సుద్దతో గీసిన ఇంగ్లీషు ఎనిమిది అంకె మీద, గీత తప్పకుండా, ఒంటికాలిపై నెమ్మదిగా తిరిగి రావాలి. రెండోది ఫ్రీ. అందులో గ్రామఫోను పాటకు తగ్గట్టు ఎగరొచ్చు, గిరగిరా తిరగొచ్చు, జనం ఈలలు వేస్తారు.

1948లో పోలీసు యాక్షన్ అయ్యాక, వికారాబాదులో ఒక నవాబు గారి కుటుంబం బంగళా ఖాళీ చేసి పట్నం వెళ్లిపోయింది. పెద్ద ఉద్యోగస్థులు కొందరు కలిసి దాన్ని అద్దెకు తీసుకుని క్లబ్బు పెట్టారు. దాని నడిమి హాలంతా తాండూరు నీలి బండలు. రెండు బండల నడుమ గోరు దిగదు. నేనప్పటికి స్టేషన్లో మూటలు మోసే పనిలో ఉన్నాను. హాలు ఊడ్చి తుడిచే మనిషి కావాలంటే వెళ్లి చేరాను. మీసం అప్పుడప్పుడే నల్లబడుతున్న వయసు.

ఆ క్లబ్బుకే ఫ్రాన్సిస్ మాస్టర్ వచ్చాడు. సికింద్రాబాదువాడు. యుద్ధం రోజుల్లో సోల్జర్ల ముందు స్కేట్లమీద ఆడి మస్తుగా పేరు తెచ్చుకున్న మనిషి. ఊపిరితిత్తుల జబ్బు చేసి అనంతగిరి గుట్ట మీది ఆసుపత్రిలో చాలాకాలం ఉన్నాడు. డాక్టర్లు ప్రాణం నిలబెట్టారు కానీ పరుగు, గెంతు అన్నీ బందు పెట్టారు. గుట్ట గాలికి దగ్గరగా ఉండొచ్చని వికారాబాదులోనే ఆగిపోయి, క్లబ్బులో దొరల పిల్లలకు స్కేటింగు నేర్పే పనికి కుదిరాడు. స్కేట్లు కట్టుకోలేని స్కేటింగు మాస్టర్! పేము కుర్చీలో కూర్చునేవాడు. చేతిలో వెదురు కర్ర, జేబులో సుద్దముక్క. నేను తుడిచిన నేలను చాలా రోజులు గమనించి, ఒకనాడు పిలిచాడు.

"అనంతా, గిర్రలు కట్టుకుంటవా?"

"మజాక్ చేయకుండ్రి సార్."

"మజాక్ గాదు బేటా. ముందుగాల చెప్పులిడిచి హాలంత నడువు."

నడిచాను. బండ ఏమంటోందని అడిగాడు. చల్లగా ఉందన్నాను. "చల్లగుందని పిల్లి గూడ చెప్తది. ఏడ ఎత్తున్నది, ఏడ జారుతది, ఏడ పాదం పట్టుకుంటది? అది చెప్పు" అన్నాడు. మళ్లీ నడిచాను. మూడు నాలుగు రోజులు ఇదే పని. స్కేట్లు ముట్టుకోనియ్యలేదు.

పిల్లలూ, మీకు నేను చెప్పగలిగిన మొదటి మాట ఇదే. ఏ ఊరు పోయినా, ఎంత పెద్ద స్టేడియమైనా, బూట్లు కట్టుకోకముందు ఆ నేల మీద ఉత్తి కాళ్లతో ఒకసారి నడవండి. నవ్వేవాళ్లు నవ్వుతారు. మీరు నడవండి. ఈ అలవాటే ఒకనాడు నా సంసారాన్ని నిలబెట్టింది. ఆ సంగతికి వస్తాను.

పడడం నేర్చుకున్న రోజులు

నాలుగు రోజులయ్యాక స్కేట్లు ఇచ్చి మాస్టర్ నేర్పింది పడడం. "కూసున్నట్టు పడు. చేతులు ఆనియ్యకు. చెయ్యి ఇరిగితే అన్నం ఎట్ల తింటవ్?" అనేవాడు. దొరల పిల్లలు కిలకిలా నవ్వేవాళ్లు. ఇంటికి పోతే నా నడుముకు కాపడం పెడుతూ మా అవ్వ తిట్టేది. "ఇంత పొడుగు పెరిగి ఇప్పుడు పడుడు నేర్సుకుంటున్నవారా? పుట్టినప్పటి సంది పడుతనే ఉన్నవ్ గదా!"

పడడం వచ్చాక ఎనిమిది మొదలైంది. మాస్టర్ లేచి చేసి చూపించలేడు కదా, బల్ల మీద అరచేతిని వాల్చి చూపించేవాడు. అరచెయ్యి ఇటు వాలితే లోపలి వాలు, అటు వాలితే బయటి వాలు. నా చీలమండ కూడా అలాగే వాలాలి. నేను పడినప్పుడల్లా ఆయన ఊపిరి బిగపట్టేవాడు, ఆ వెంటనే దగ్గు తెర వచ్చేది. ఆయన దగ్గుకు భయపడి నేను పడకుండా ఉండడం నేర్చుకున్నానంటే అబద్ధం కాదు.

మొదటిసారి గీత తప్పకుండా ఎనిమిది పూర్తిచేసి, మొదలుపెట్టిన చోటే ఆగిన సాయంత్రం నాకు ఇంకా కళ్లముందుంది. మాస్టర్ కుర్చీలోంచి లేచాడు, చెప్పులు విడిచాడు, ఆ సుద్దగీత మీద అడుగులో అడుగు వేసుకుంటూ ఎనిమిదంతా నడిచాడు. తిరిగొచ్చి కూర్చుని ఆయాసపడ్డాడు. ఆ తర్వాత అన్నేళ్లలో ఆయన నన్ను శభాష్ అన్నది ఎన్నడూ లేదు. ఎనిమిది బాగా వచ్చిన రోజు చెప్పులు విడిచి దాని మీద నడిచేవాడు, అంతే. ఆ ఉత్తికాళ్ల కోసం నేను పొద్దూమాపూ కష్టపడ్డాను.

సెక్రటరీ దొర

క్లబ్బు సెక్రటరీ పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన దొర. మీసాలకు మైనం రాసేవాడు. మనిషి నోరు మంచిది కాదు, మనసు మంచిది. నన్ను రోజుకోసారి గాడిదా అని పిలిచేవాడు. మాస్టరుకు మళ్లీ దగ్గు ఎక్కువై గుట్టెక్కినప్పుడు, పాలూ గుడ్లూ తన కారులో పంపించిందీ ఆయనే. పైవాళ్లను ఒక్క గుణంతో తూచకండి, తర్వాత మీరే సిగ్గుపడతారు.

అయితే స్కేటింగు ఆయనకు అణువంత కూడా తెలియదు. అతిథులు వస్తే చాలు, "తిప్పు అనంతయ్యా, తిప్పు!" అని కేకేసేవాడు. తళుకుల చొక్కా ఒకటి కుట్టించి తొడిగించాడు. నేను ఒంటికాలి మీద గిర్రున తిరిగితే ఆడా మగా లేచి చప్పట్లు కొట్టేవారు. ఎనిమిదికి ఎవరూ కొట్టరు. కొట్టకపోగా ఆవలిస్తారు. నాకూ ఆ చప్పట్లు తలకెక్కాయి. పొద్దున ఫిగర్లు ఎగ్గొట్టి సాయంత్రం గిరగిరలకు తయారయ్యేవాణ్ని. సికింద్రాబాదు పోటీకి అలాగే వెళ్లి, ఫిగర్లలో గీతకు జానెడు దూరంగా తిరిగి, మొహం వేలాడేసుకుని వచ్చాను. మాస్టర్ తిట్టలేదు. సుద్దముక్క చేతికిచ్చి, "గీయి" అన్నాడు. ఎనిమిది నేనే గీసి, నేనే తిరిగాను. ఆయన మాత్రం చెప్పులు విడవలేదు. అలా ఎన్నాళ్లు గడిచాయో.

నన్నడిగితే, చప్పట్లు వినని రోజు ఇంట్లో అన్నం సహించకపోతే మీకు రోగం వచ్చినట్టే లెక్క. మందు ఎనిమిది.

బుచ్చయ్య మామ షరతు

నాకు పెళ్లి కుదిర్చిన చుట్టం "పిల్లగాడు క్లబ్బుల నౌకరీ" అని మాత్రమే చెప్పాడట. పిల్ల తండ్రి బుచ్చయ్య మామ తాండూరు దగ్గర నల్లరేగడిలో కందులు పండించే రైతు. ఒక్కతే బిడ్డ, రుక్మిణి. నౌకరీ అంటే కుర్చీ బల్ల అనుకుని ఇచ్చాడు.

పెళ్లయిన కొత్తలో రుక్మిణి క్లబ్బు వెనక గుమ్మంలో నిలబడి నా సాధన చూసేది. ఒకరోజు ఎలా ఉందని అడిగితే, "నువ్వు గా గుండ్రం మీద మెల్లగ తిరుగుతున్నప్పుడు నీ ముఖం మంచిగుంటది. గిరగిర తిరిగేటప్పుడు ముఖమే కానరాదు" అంది. నాకు చురుక్కుమంది. చప్పట్లు కొట్టే నలుగురిలో ఒక్కరూ నా ముఖం చూడలేదని అప్పటిదాకా నాకు తోచలేదు.

ఆషాఢం ముందు, బిడ్డను పుట్టింటికి తీసుకుపోవడానికి మామ వచ్చాడు. కొత్త కందిపప్పు గంపతో నేరుగా క్లబ్బుకు వచ్చాడు. నా ఖర్మ, ఆ సాయంత్రమే అతిథులున్నారు. తళుకుల చొక్కాలో ఆడవాళ్ల ముందు ఒంటికాలి మీద నేను గిర్రున తిరుగుతున్నాను. ఆగేసరికి గంప గుమ్మంలో ఉంది, మామ లేడు. ఇంటికి పరుగెత్తాను. రుక్మిణి ట్రంకు పెట్టె సర్దుకుని ఉంది.

"నేను బిడ్డనిచ్చింది మనిషికి. బొంగరానికి గాదు" అన్నాడు మామ.

ఆషాఢం పోయింది, శ్రావణం వచ్చింది. కొత్త కోడళ్లందరూ అత్తారిళ్లకు తిరిగొచ్చారు. రుక్మిణి రాలేదు. గిర్రలు విడిచి తన పొలానికి రమ్మని మామ కబురు పెట్టాడు. నాకు వ్యవసాయమంటే చిన్నచూపు లేదు. కానీ ఆ బండలు లేకుండా నేను ఏమవుతానో నాకే తెలియలేదు. రుక్మిణి లేకుండా ఏమవుతానో మాత్రం తెలిసింది. అవ్వ కూడా అప్పటికే పోయింది, ఎవరూ లేని ఇంట్లో కూర్చుని ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గెందుకు, ఏడ్చాను.

మాస్టర్ నాకు చెప్పకుండా తాండూరు ప్యాసింజర్ ఎక్కాడు. ఆ ఛాతీతో, ఆ దుమ్ములో, మామ పొలం గట్టు దాకా నడిచి పోయాడు. ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ చివరిదాకా చెప్పలేదు. తిరిగొచ్చి షరతు మాత్రం చెప్పాడు. అప్పుడే తాండూరులో ఒక బండల వ్యాపారి కొత్త గోదాము కట్టి, లోపల పరిచిన బండలు అందరికీ చూపించుకోవాలని, మా క్లబ్బు వాళ్ల పోటీని అక్కడ పెట్టుకోమని అడిగి ఉన్నాడు. ఆ పోటీకి మామ వస్తాడు. పట్టపగలు, తన కళ్లతో చూస్తాడు. అది మనిషి చేసే పనిలా కనబడితే బిడ్డను పంపిస్తాడు. బొంగరం పనిలా కనబడితే నేను గిర్రలు విడిచి ఆయన నాగలి పట్టాలి. నేను ఒప్పుకున్నాను.

పోటీకి ముందురోజు సాయంత్రం తాండూరులో దిగితే, రుక్మిణి పక్కింటి ఆడవాళ్లతో కలిసి స్టేషను బయట నిలబడి ఉంది. దగ్గరికొచ్చి మెల్లగా, "నువ్వు గెలువకున్న మంచిదే. నాయిన ముంగట పడకు" అని వెళ్లిపోయింది.

తాండూరు గోదాములో

పొద్దున్నే అందరికంటే ముందు వెళ్లాను, నేల మీద నడవడానికి. గోదాము గుమ్మంలో చెప్పులు విడిచి ఒక్క అడుగు వేశానో లేదో, కాలు సర్రున పోయింది. తలుపు రెక్క పట్టుకుని ఆగాను. కాపలా ఉన్న కన్నడ ముసలాయన "జారతైత్రీ, హుషార్!" అని కేకేశాడు. జారుతుంది జాగ్రత్త అని ఆయన చెప్పడం, ఆ వాసన నా ముక్కుకు తగలడం ఒక్కసారే జరిగాయి. ఆముదం.

ఒక్క చుక్క కాదు, నేలంతా ఆముదం. ముందురోజు జడ్జీలు కొలిచి గీసిన సుద్దగీతలు ఒక్కటీ లేవు. బండలు నల్లగా నిగనిగలాడుతున్నాయి.

"ఎవరు చేసిన్రు?" అన్నాను.

"గిర్రల అల్లుడివి నువ్వేనా? నీ మామనే. నిన్న దీపాలు పెట్టేయాళ్లకు కూలోళ్లను తోలుకొచ్చిండు. 'నా అల్లుడు ఆడే జాగ' అని తానే మోకాళ్ల మీద కూసోని రుద్దిండు."

మీకు ఇది తెలియకపోవచ్చు. మా వైపు అల్లుడు ఇంటికి వస్తున్నాడంటే, ఇంటి బండలకు ఆముదం పట్టించి గుడ్డతో రుద్దేవారు. బండ నల్లగా మెరిస్తే ఆ ఇల్లు అల్లుడికి విలువిచ్చినట్టు. బొంగరమని నన్ను తిట్టిన మనిషి, షరతు పెట్టిన మనిషి, నా కోసం ఆ వ్యాపారి గోదామును తన ఇల్లు చేసుకుని మోకాళ్ల మీద రుద్దాడు. చక్రాలు నూనె మీద నిలవవని ఆయనకెలా తెలుస్తుంది? నేను మెట్ల మీద కూలబడి, నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

అంతలో మామే వచ్చాడు. కొత్త రుమాలు చుట్టుకున్నాడు. నన్ను చూడగానే మొహం గంభీరంగా పెట్టుకున్నాడు కానీ ఆగలేకపోయాడు.

"బండలెట్లున్నయ్ అల్లుడా?"

"మస్తుగున్నయ్ మామా. ముఖం చూసుకోవచ్చు."

"ఆఁ" అని మీసం కింద నవ్వు దాచుకుని పక్కకు తిరిగాడు. ఇంకేమనగలను చెప్పండి.

మాస్టర్ వచ్చి కర్ర ఆనించి చూసి, "ఓ ప్రభువా!" అన్నాడు. చెవిలో సంగతి చెప్పాను. దగ్గొచ్చేదాకా నవ్వాడు. తర్వాత పనిలోకి దిగాడు. గోదాము పక్కనే బండలు నున్న చేసే చోట గుట్టలుగా రాతి పిండి పడి ఉంది. పోటీకొచ్చిన సికింద్రాబాదు కుర్రాళ్లూ, కాపలాదారూ, నేనూ దాన్ని తట్టలతో తెచ్చి చల్లి, నూనె పీల్చుకున్నాక ఊడ్చాం. మళ్లీ చల్లి, మళ్లీ ఊడ్చాం. జారుడు చాలా తగ్గింది. కానీ బండల మీద సన్నటి బూడిదరంగు పొర ఉండిపోయింది. మెల్లగా తిరగొచ్చు. ఎగిరి దిగడం మాత్రం ప్రాణాలమీదికే.

జనం నిండారు. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు. అప్పుడొచ్చాడు సెక్రటరీ దొర. గీతలు లేవు, నేలంతా మురికి. జడ్జీలు గుసగుసలాడుతున్నారు. దొర మొహం ఎర్రబడింది.

"ఏ బుద్ధిలేని గాడిద చేసిన పని ఇది? చెప్పండి! ఎవడు వాడు?"

మామ తలుపు దగ్గర మగవాళ్ల నడుమ నిలబడి ఉన్నాడు. మొదట అర్థం కాలేదు ఆయనకు. తర్వాత అర్థమైంది. ఆ మొహం నేను జన్మలో మరిచిపోలేను. ఊరంతటి ముందు, బిడ్డ ముందు. భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని, ఒక అడుగు ముందుకు వేశాడు. చేసింది ఒప్పుకునే మనిషే ఆయన.

నేను అంతకంటే ముందు వేశాను. "నేనే సార్. మెరవాలని పట్టించిన."

"నువ్వా? ఇన్నేళ్లు బండల మీద బతికి నువ్వా? గాడిదా! నీకు ఫ్రీ లేదు పో. ఫిగర్లు చేసి మూల కూర్చో!"

జడ్జీలు కూడా తలూపారు. ఫ్రీ లేకపోతే గెలిచే మాటే లేదు. మామకు చూపించడానికి నా దగ్గర ఇక మిగిలింది ఎనిమిది ఒక్కటే, ఎవరూ చప్పట్లు కొట్టనిది. దాని మీదే నా సంసారం, నా పని రెండూ ఆధారపడి ఉన్నాయి. అదీ గీత లేకుండా, నూనె బండ మీద సుద్ద పట్టదు కదా.

మాస్టర్ కుర్చీలోంచి అరచేయి వాల్చి చూపించాడు, మొదటి రోజుల్లోలాగే. "గీత నీ కాలుల ఉన్నది. పో బేటా" అన్నాడు.

తోసుకుని కదిలాను. బయటి వాలు మీద, ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ. మొదటి సున్న సగం తిరిగేసరికి జనంలో చిన్న అలజడి. నాకు అర్థం కాలేదు. నడిమికి వచ్చి కాలు మార్చి, రెండో సున్న తిరిగి చూస్తే అప్పుడు కనబడింది. రాతి పిండి పొర మీద నా చక్రాలు పోయినంత మేరా నల్లటి గీత పడుతోంది. సుద్దగీత మీద తిరిగితే నేను గీత మీద ఉన్నానో లేదో జడ్జీలకు తప్ప ఎవరికీ తెలియదు. ఇక్కడ నేను చేస్తున్నది ఊరంతటికీ కనబడుతోంది. ఇప్పుడు రెండోసారి అదే గీత మీద పోవాలి. కాస్త పక్కకు పోయినా రెండు గీతలవుతాయి. ఆ మలుపు దగ్గర ఇంకా నూనె ఉంది. చక్రం పక్కకు జారబోయింది. నా నెత్తికి ఆముదం పెట్టే మా అవ్వ వేళ్లు గుర్తొచ్చాయి, ఎందుకో మరి. చీలమండ వాలు మీద నిలిచింది. రెండోసారి పోయాను. మూడోసారి పోయాను. మొదలుపెట్టిన చోటికొచ్చి ఆగాను.

నేల మీద ఒక్కటే గీత ఉంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తలుపు దగ్గరి నుంచి ఒక గొంతు మాత్రం వినిపించింది.

"సాలు తప్పలే!"

మామ. సాలు అంటే నాగలి పోయిన చాలు, పొలంలో పడే గీత. ఆయన మగవాళ్లను తోసుకుని వచ్చి, నేల అంచున గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి ఆ గీత వెంట చూశాడు, దున్నిన పొలాన్ని గట్టు మీది నుంచి చూసినట్టు. "మూడుసార్లు పోయిండు. మూడుసార్లు ఒక్కటే సాలు" అని పక్కవాళ్లకు చెప్పాడు. పక్కవాళ్లూ రైతులే. వాళ్లూ కూర్చుని చూశారు.

తర్వాతి పోటీదారు కోసం ఊడ్చడానికి మనుషులు చీపుర్లతో వచ్చారు. మామ లేచి రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"ఊడ్వకుండ్రి! జర ఆగుండ్రి. నా బిడ్డ చూడలే ఇంక."

దొర ఏదో అనబోయాడు. అప్పటికే మామ ఆడవాళ్ల వైపు పోయి, రుక్మిణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. రుక్మిణి ఆ గీత ముందు నిలబడింది. అందరూ చూస్తున్నా తల వంచుకోలేదు. చెప్పులు విడిచింది. కుచ్చెళ్లు కాస్త పైకి పట్టుకుని, ఆ గీత మీద అడుగులో అడుగు వేసుకుంటూ నడవడం మొదలుపెట్టింది.

నేను మాస్టర్ వైపు చూశాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. కళ్లల్లో నీళ్లు. "నేను చెప్పలే బేటా ఆమెకు. ఒట్టు, నేను చెప్పలే" అన్నాడు.

ఎనిమిదంతా నడిచి రుక్మిణి నా ముందు ఆగింది. "మొదలుపెట్టిన కాడికే వచ్చిన" అంది, ఆశ్చర్యపోయినట్టు.

"ఎనిమిదంటే అంతే."

"అయితే ఇంటికి గూడ గట్లనే రావాలె. క్లబ్బు నుంచి సీదా ఇంటికి."

జనం నవ్వారు. దొర కూడా నవ్వాడు. ఆ నవ్వుల మధ్య మామ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, "పెట్టె సర్దుకో బిడ్డా" అన్నాడు.

ఆ తర్వాత

పోటీలో నేను అందరికంటే వెనక వచ్చాను. కప్పు సికింద్రాబాదు కుర్రాడికి పోయింది, మంచి పిల్లవాడు. సాయంత్రం ప్యాసింజర్లో మాస్టర్, నేను, రుక్మిణి, ఒక కందుల మూట. రైలు కదలబోతుంటే మామ కిటికీ దగ్గరికి వచ్చాడు. "గాడిద అన్నది నన్ను. నువ్వెందుకు మీదేసుకున్నవ్?" అన్నాడు. "పోనీ మామా, నాకు అలవాటే" అన్నాను. "నాగలి పట్టమన్న నిన్ను. పట్టుకునే ఉన్నవ్, నాకే కానరాలే" అన్నాడు. రైలు కదిలింది.

ఆ తర్వాత చాలా ఊళ్లు తిరిగాను, ఆ రెండు కప్పులూ అప్పుడు వచ్చినవే. తళుకుల చొక్కా మళ్లీ తొడగలేదు. దొర అడిగాడు, నేను తొడగనన్నాను. "గాడిదా" అని ఊరుకున్నాడు. మాస్టర్ పోయిన రోజు, హాలులో ఎవరూ లేనప్పుడు ఒక ఎనిమిది తిరిగి, స్కేట్లు విప్పి, దాని మీద ఉత్తి కాళ్లతో నడిచాను. ఆ ఛాతీతో ఆయన ఎన్ని చిన్న అడుగులు వేసేవాడో అప్పుడు తెలిసింది.

ఏటా కందులు ఇంటికొచ్చాక మామ వికారాబాదుకు ఒక సీసా ఆముదం తెచ్చేవాడు. నా చేతికిస్తూ, "ఇది నెత్తికి. బండలకు గాదు" అనేవాడు, ఏటా అదే మాట.

1960ల చివర్లో నా మోకాలు మొరాయించింది. డాక్టరు ఇక చాలన్నాడు. గోడకు ఆనుకుని, స్కేట్లు పక్కన పెట్టుకుని, కూర్చున్నాను. కబురు తెలిసి మామ వచ్చాడు. అప్పటికే బాగా ముసలివాడు. లోపలికి పోయి, ఆముదం వేడిచేయించి తెచ్చి, నేల మీద కూర్చుని నా కాలు తన ఒళ్లోకి లాక్కున్నాడు. మోకాలికి నూనె పట్టించి, రెండు చేతులతో మెల్లగా రుద్దడం మొదలుపెట్టాడు. పెద్దవాడు నా కాలు పట్టుకోవడమేమిటని నేను వెనక్కి లాక్కోబోయాను. ఆయన వదల్లేదు.

"ఊకో. పెండ్లినాడు కడిగిన కాళ్లే గదా" అన్నాడు. "అప్పుడు అందరు కడుగుమన్నరని కడిగిన. ఇప్పుడు ఇవి ఏం కాళ్లో తెలిసి పట్టుకున్న."